మైనారిటీకి సీటు ఇస్తే సరిపోతుందా? బోస్నియా ఎన్నికల చట్టాన్ని దేనితో కొలవాలి?

కావేరి_లా

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌ఎం రెండో సంవత్సరం చదువుతున్నాను. డిసర్టేషన్‌కి బోస్నియా హెర్జెగోవినా ఎన్నికల చట్టం తీసుకున్నాను. అక్కడి జాతీయ మైనారిటీలు ఎన్నికల్లో న్యాయంగా పాల్గొనడానికి చట్టం వీలు ఇస్తోందా లేదా అన్నది నేను తేల్చాలి.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. అక్కడి యుద్ధం 1995లో డేటన్ ఒప్పందంతో ఆగింది. ఆ ఒప్పందానికి నాలుగో అనుబంధంగా రాసినదే ఇప్పటికీ ఆ దేశ రాజ్యాంగం. దేశానికి ఒక్క అధ్యక్షుడు కాదు, ముగ్గురు ఉంటారు: ఒక బోస్నియాక్, ఒక క్రొయాట్, ఒక సెర్బ్. పార్లమెంటులో హౌస్ ఆఫ్ పీపుల్స్ అనే సభకు 15 మంది, ఒక్కో జాతికి ఐదుగురు. మిగిలినవాళ్ళందరినీ రాజ్యాంగం "ఇతరులు" అని ఒక్క మాటలో తోసేసింది. ఆ దేశ చట్టమే 17 జాతీయ మైనారిటీలను గుర్తించింది. వాళ్ళలో రోమాలున్నారు (ఒకప్పుడు జిప్సీలు అనేవారు), యూదులున్నారు. ఆ రెండు చోట్లకూ పోటీ చేసే హక్కు మాత్రం వాళ్ళెవరికీ లేదు.

డెర్వో సెజ్దిచ్ రోమా, యాకోబ్ ఫించి యూదు. ఇద్దరూ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళారు. ఇది వివక్షేనని 2009 డిసెంబర్ 22న తీర్పు వచ్చింది. ఫించి తన దేశం తరఫున స్విట్జర్లాండ్‌లో రాయబారిగా పనిచేసిన మనిషి. అలాంటి మనిషి అధ్యక్ష పదవికి నామినేషన్ వేయలేడు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఏ దేశం మైనారిటీలకు ఎన్ని సీట్లు ఇచ్చిందో టేబుల్ వేసి మా గైడ్‌కి చూపించాను. "ఇది లెక్క, అంచనా కాదు" అన్నారు మేడమ్. మరి దేన్ని కొలవాలి? ఇక్కడ చదువుకున్నవాళ్ళు, బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, మీకు తోచింది చెప్పండి.

---

రాజమండ్రి_మాస్టారు

అమ్మా కావేరీ, ముప్పై ఏళ్ళు పిల్లలకు సివిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి మన ఇంటి సంగతితోనే మొదలుపెడతాను.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించింది. అణగారిన కులాలవారికి ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అంటే వాళ్ళ ప్రతినిధిని వాళ్ళే ఎన్నుకుంటారు. గాంధీగారు యరవాడ జైలులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. అవార్డులో 71గా ఉన్న సీట్లు ఒప్పందంలో 148 అయ్యాయి. సీట్లు రెట్టింపు అయ్యాయి, కానీ ఓటు అందరిదీ అయింది. అంబేడ్కర్‌గారి ఆవేదన అంతా అక్కడే. సీటు మాది, గెలిపించేది మాత్రం మీరు అయితే, గెలిచినవాడు ఎవరి మాట వింటాడు?

ఆ ఒప్పందంలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది, చాలామందికి గుర్తుండదు. రిజర్వుడు సీటుకు ముందుగా అణగారిన కులాల ఓటర్లే నలుగురిని ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని తర్వాత అందరూ కలిసి ఎన్నుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో సీట్లు నిలిచాయి, ఈ నలుగురి ఎంపిక పోయింది.

అందుకే నీ టేబుల్‌లో సీట్ల సంఖ్య పక్కన ఇంకో గడి గీయి. ఆ సీటులో కూర్చునే మనిషిని ఎవరి ఓట్లు గెలిపిస్తున్నాయి అన్నది అందులో రాయి.

---

కావేరి_లా

మాస్టారూ, మీరు చెప్పింది బోస్నియాలో అచ్చంగా జరుగుతోంది!

దేశంలో ఫెడరేషన్ అనే భాగంలో ఉండే ఓటరు అధ్యక్ష పదవికి బోస్నియాక్ అభ్యర్థికైనా వేయొచ్చు, క్రొయాట్ అభ్యర్థికైనా వేయొచ్చు. అక్కడ బోస్నియాక్‌ల సంఖ్య ఎక్కువ. జెల్కో కొమ్షిచ్ 2006, 2010, 2018, 2022లో ఆ ముగ్గురిలో క్రొయాట్ సభ్యుడిగా గెలిచారు. ఆయన క్రొయాటే. అయితే ఆయన్ని గెలిపించింది ఎక్కువగా బోస్నియాక్‌ల ఓట్లేనని క్రొయాట్ పార్టీలు అప్పటినుంచీ మండిపడుతున్నాయి. నేను ఇన్నాళ్ళూ దాన్ని పార్టీల గొడవ అనుకుని పక్కన పెట్టాను.

---

నిజాంపేట_99

కావేరి గారూ, మాస్టారూ, నాకు ఒక అభ్యంతరం ఉంది. మనసులో మాట చెప్తున్నాను, తప్పుగా అనుకోకండి.

జాతి పేరుతో సీట్లు పంచడం వల్లే బోస్నియా ఈ స్థితికి వచ్చింది కదా. మళ్ళీ అదే మందు ఇంకొంచెం ఎక్కువ వేస్తే రోగం తగ్గుతుందా? ప్రతి మనిషికీ ఒక ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ. ఎవరైనా పోటీ చేయొచ్చు. చట్టం అంతవరకు చూసుకుంటే చాలు. మా అపార్ట్‌మెంట్ సంఘంలో 140 ఫ్లాట్లు ఉన్నాయి, ఏడు భాషలవాళ్ళు ఉన్నారు. భాషల వారీగా సీట్లు పెట్టమని ఎవరూ అడగలేదు. బాగానే నడుస్తోంది.

---

కావేరి_లా

అభ్యంతరం సరైనదే. రాజ్యాంగ సభలో కూడా ఇదే చర్చ జరిగింది. 1947లో మత మైనారిటీలకు రిజర్వుడు సీట్లు ఉండాలని ప్రతిపాదించారు, 1949లో వదిలేశారు. దేశ విభజన చూసిన కళ్ళతో తీసుకున్న నిర్ణయం అది.

కానీ "అందరికీ ఒకే నిబంధన" అన్నప్పుడు ఏం జరుగుతుందో టర్కీలో చూడండి. 1983 నుంచి అక్కడ ఒక నియమం ఉండేది. దేశం మొత్తం మీద 10 శాతం ఓట్లు రాని పార్టీకి ఒక్క సీటూ ఇవ్వరు. చదవడానికి అన్ని పార్టీలకూ సమానమే. 2002 ఎన్నికల్లో షిర్నాక్ అనే జిల్లాలో, కుర్దు మైనారిటీవాళ్ళు ఎక్కువగా ఉండేచోట, కుర్దుల పార్టీ దేహాప్‌కి 45.95 శాతం ఓట్లు వచ్చాయి. ఆ జిల్లాకు మూడు సీట్లున్నాయి. దేశం మొత్తం మీద ఆ పార్టీకి 6 శాతం పైచిలుకే వచ్చింది కాబట్టి ఆ మూడింటిలో ఒక్కటి కూడా దక్కలేదు. 14.05 శాతం వచ్చిన పార్టీకి రెండు, 9.69 శాతం వచ్చిన స్వతంత్ర అభ్యర్థికి ఒకటి వెళ్ళాయి.

ఓడినవాళ్ళు స్ట్రాస్‌బర్గ్‌కి వెళ్ళారు. 10 శాతం మరీ ఎక్కువని కోర్టు కూడా అంది, అయినా 2008లో హక్కుల ఉల్లంఘన కాదని తేల్చింది. ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కుర్దులు ఎక్కువగా మద్దతిచ్చే హెచ్‌డీపీ 2015 జూన్‌లో 13 శాతం తెచ్చుకుని ఆ గోడ దాటింది, 80 సీట్లు గెలిచింది. 2022లో ఆ 10 శాతాన్ని 7 చేశారు.

మీ అపార్ట్‌మెంట్‌లో ఏడు భాషలవాళ్ళు ఉన్నా నీళ్ళ ట్యాంకర్ అందరికీ ఒకటే కదా. బడి ఏ భాషలో నడవాలి, ఊరి పేరు ఏ లిపిలో రాయాలి అన్నది సంఘం తేల్చాల్సి వస్తే అప్పుడు సీట్ల మాట వస్తుంది.

---

కీల్_నుంచి

నేను జర్మనీ ఉత్తరాన కీల్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ఇక్కడ ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో డేనిష్ మైనారిటీ ఉంది, ఫ్రీజియన్లు ఉన్నారు. వాళ్ళ పార్టీ ఎస్‌ఎస్‌డబ్ల్యూ. జర్మనీలో పార్లమెంటుకు వెళ్ళాలంటే మామూలుగా 5 శాతం ఓట్లు రావాలి. మైనారిటీల పార్టీలకు ఆ నిబంధన వర్తించదు. 2021లో ఈ పార్టీ దాదాపు అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ దేశ పార్లమెంటుకు పోటీ చేసింది. సుమారు 55 వేల ఓట్లు వచ్చాయి. దేశం మొత్తం లెక్కలో 0.1 శాతం. ఒక సీటు వచ్చింది. స్టెఫాన్ జైడ్లర్ ఎంపీ అయ్యారు. 2025లో మళ్ళీ గెలిచారు.

ఇక్కడ నిజాంపేట గారు గమనించాల్సిన విషయం ఒకటి ఉంది. ఇది రిజర్వుడు సీటు కాదు. డేనిష్‌వాళ్ళు మాత్రమే ఓటు వేయాలని ఎక్కడా లేదు. నా పక్కింటాయన అచ్చమైన జర్మన్, రాష్ట్ర ఎన్నికల్లో వాళ్ళకే వేస్తానని చెప్తాడు. గుమ్మం ఎత్తు తగ్గించారు, లోపలికి నడిచి రావాల్సింది మాత్రం వాళ్ళే.

ఇంకోటి. 1955లో జర్మనీ, డెన్మార్క్ చెరొక ప్రకటన చేశాయి, బాన్-కోపెన్‌హాగెన్ ప్రకటనలు అంటారు. నేను డేనిష్‌వాణ్ణి అని ఎవరైనా చెప్పుకుంటే అది వాళ్ళ ఇష్టం, అధికారులు దాన్ని కాదనకూడదు, పరిశీలించకూడదు అని వాటిలో ఉంది. మన దగ్గర కుల ధ్రువీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి, మొదటిసారి చదివినప్పుడు ఆశ్చర్యపోయాను.

---

నిజాంపేట_99

కీల్ గారూ, ఇది నాకు నచ్చింది. గుమ్మం ఎత్తు తగ్గించడం వేరు, కుర్చీకి పేరు రాయడం వేరు. మొదటిదానికి నేను ఒప్పుకుంటాను.

---

కావేరి_లా

తొందరపడకండి. అదే పద్ధతి పోలండ్‌లోనూ ఉంది. అక్కడ జర్మన్ మైనారిటీకి 5 శాతం నిబంధన నుంచి మినహాయింపు ఉంది. 1991లో వాళ్ళకు ఏడుగురు ఎంపీలు ఉండేవారు. తగ్గుతూ తగ్గుతూ ఒక్కరు మిగిలారు. 2023లో ఆ ఒక్క సీటూ పోయింది. చట్టం మారలేదు. ఓటర్లు తగ్గారు, ఉన్నవాళ్ళు వేరే పార్టీలకు వేశారు. గుమ్మం తగ్గించినా లోపలికి వచ్చేవాళ్ళు లేకపోతే చట్టం అన్యాయమైనట్టా, కాదా? నాకు తేలడం లేదు.

---

పాడేరు_మన్యం

చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ చూశాక రాయాలనిపించింది.

మేము ఏజెన్సీవాళ్ళం. మమ్మల్ని జాతీయ మైనారిటీ అనరు, షెడ్యూల్డ్ తెగలు అంటారు, ఆ తేడా నాకు తెలుసు. కానీ మాస్టారు చెప్పినట్టు కుర్చీ, ఓటు లెక్క ఒకటే. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 7 సీట్లు ఎస్టీలకు ఉన్నాయి. అరకు లోక్‌సభ సీటు 2008 డీలిమిటేషన్‌లో వచ్చింది. ఆ లోక్‌సభ సీటు మ్యాప్ ఒకసారి చూడండి. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం. ఒడిశా సరిహద్దు వెంట కొండలన్నీ ఒక దారానికి గుచ్చినట్టు ఉంటుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళాలంటే ఒక రోజు సరిపోదు. కానీ గీత అలా గీయకపోతే మా ఓట్లు మైదానంలో ఓట్ల కింద పడి కనబడకుండా పోయేవి. కాబట్టి కావేరి గారూ, సీటు, ఓటు మాత్రమే కాదు, గీత ఎవరు ఎలా గీశారన్నది కూడా చూడండి.

ఇంకో మాట. ఎస్టీ సీటు అంటే తెగలన్నిటికీ కలిపి ఒక సీటు. మా దగ్గర పెద్ద తెగలున్నాయి, వందల కుటుంబాలే ఉన్న చిన్న తెగలూ ఉన్నాయి. మా ఎగువ ఊళ్ళో పోర్జ కుటుంబాలు ఉన్నాయి. వార్డు మెంబరుగా నిలబడాలంటేనే వాళ్ళు వెనక్కి తగ్గుతారు. "మాకు ఎవరు ఏస్తారు బాబూ" అంటారు. అలాంటివాళ్ళకు ఆ సీటు ఎంత దగ్గరో మీరే చెప్పండి.

---

కావేరి_లా

పాడేరు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు చెప్పిన చిన్న తెగల సమస్య క్రొయేషియా చట్టంలో అంకెలతో సహా కనిపిస్తుంది.

అక్కడి పార్లమెంటులో 151 సీట్లు. వాటిలో 8 మైనారిటీలకు. సెర్బులకు మూడు, ఇటాలియన్లకు ఒకటి, హంగేరియన్లకు ఒకటి, చెక్, స్లొవాక్ ఇద్దరికీ కలిపి ఒకటి. అల్బేనియన్, బోస్నియాక్, మాంటెనెగ్రిన్, మాసిడోనియన్, స్లొవీన్ అయిదుగురికీ ఒకటి. ఆఖరి సీటు ఏకంగా 12 మైనారిటీలకు కలిపి ఒకటి! జర్మన్లు, రోమాలు, రష్యన్లు, టర్కులు, యూదులు అందరూ ఆ ఒక్క సీటులోనే. రోమాల ఇబ్బందికి, ఆస్ట్రియన్ల ఇబ్బందికి పోలికే లేదు. ఒక్క మనిషి ఆ పన్నెండింటి గురించీ మాట్లాడాలి.

అంతే కాదు, పోలింగ్ కేంద్రంలో మైనారిటీ బ్యాలెట్ తీసుకుంటే మామూలు బ్యాలెట్ ఇవ్వరు. ఏదో ఒకటే. రెండు ఓట్లు ఇద్దామని 2010లో చట్టం చేస్తే 2011లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

పక్కనే స్లొవేనియా ఉంది. అక్కడ ఇటాలియన్లకు, హంగేరియన్లకు చెరొక సీటు. వాళ్ళకు రెండు ఓట్లు కూడా ఉన్నాయి: ఒకటి సొంత ప్రతినిధికి, ఒకటి అందరిలాగే పార్టీకి. అదే దేశంలో రోమాలకు పార్లమెంటు సీటు లేదు. 20 మున్సిపాలిటీల కౌన్సిళ్ళలో మాత్రం ఒక్కో ప్రతినిధి ఉంటారు.

---

బుడాపెస్ట్_బీటెక్

అక్కా, నేను హంగేరీలో చదువుకుంటున్నాను. "ఏదో ఒకటే" అన్నావు కదా, ఇక్కడ అది ఇంకా కష్టంగా ఉంటుంది.

ఇక్కడ 13 జాతులను చట్టం గుర్తించింది. 2014 ఎన్నికల నుంచి పద్ధతి ఏంటంటే, మైనారిటీ ఓటరుగా పేరు నమోదు చేసుకుంటే పార్టీల జాబితాకు ఓటు పోతుంది. బదులుగా సొంత జాతి జాబితాకు వేయొచ్చు. ఆ జాబితా మాత్రం ఒక్కటే ఉంటుంది, దాన్ని ఆ జాతి స్వయంపాలన సంస్థే తయారు చేస్తుంది. వేస్తే ఆ జాబితాకే వేయాలి, లేదంటే మానేయాలి. మామూలుగా ఒక సీటుకు కావాల్సిన ఓట్లలో నాలుగో వంతు వస్తే చాలు అని రాయితీ ఇచ్చారు. అయినా 2014లో ఎవరికీ రాలేదు. 2018లో, 2022లో జర్మన్ల తరఫున ఇమ్రె రిట్టర్ ఒక్కరే గెలిచారు. మిగిలిన జాతులకు ప్రతినిధి అని ఒకరు ఉంటారు. సభలో మాట్లాడొచ్చు, ఓటు వేయలేరు.

రోమాలు ఈ దేశంలో అతి పెద్ద మైనారిటీ. 2022లో వాళ్ళ స్వయంపాలన సంస్థలో గొడవల వల్ల అసలు జాబితానే పెట్టలేకపోయారు.

---

కావేరి_లా

తమ్ముడూ, నీ మొదటి పేరా మీదే ఒక తీర్పు ఉంది. గ్రీకు, ఆర్మేనియన్ మూలాలున్న ఇద్దరు ఓటర్లు కేసు వేశారు. వాళ్ళ జాతుల ఓటర్లు మొత్తం వచ్చి వేసినా ఆ నాలుగో వంతు అందదు. అంటే నమోదు చేసుకున్న రోజే ఓటు వృథా అయిందని తెలిసిపోతుంది. పైగా ఒక్కటే జాబితా కాబట్టి, వాళ్ళు ఎవరికి వేశారో ఎవరైనా చెప్పేయొచ్చు. రహస్య ఓటు అన్న మాటకు అర్థం లేదు. 2022 నవంబర్ 10న స్ట్రాస్‌బర్గ్ కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది.

మాస్టారు సీటు పక్కన ఒక గడి గీయమన్నారు. ఇది రెండో గడి: మైనారిటీగా ఓటు వేయాలంటే మనిషి ఏం వదులుకోవాలి?

---

రోజ్‌హిల్

మారిషస్ నుంచి నమస్కారం. మా ముత్తాతల నాన్నలు కోరింగ రేవు నుంచి ఓడెక్కారని ఇంట్లో చెప్పేవారు. మీ చర్చలో మా దేశం రావాలి, ఎందుకంటే వదులుకోవడం గురించి కాదు, బలవంతంగా చెప్పించడం గురించి మా అనుభవం ఉంది.

మా పార్లమెంటుకు 62 మందిని ఓటర్లు ఎన్నుకుంటారు. ఆ తర్వాత గరిష్ఠంగా 8 సీట్లు ఓడినవాళ్ళలో మెరుగైనవాళ్ళకు ఇస్తారు, ఏ వర్గానికి ప్రాతినిధ్యం తక్కువైతే ఆ వర్గంవాళ్ళకు. దీన్ని బెస్ట్ లూజర్ పద్ధతి అంటాం. రాజ్యాంగంలో నాలుగు వర్గాలు రాశారు: హిందూ, ముస్లిం, చైనా మూలాలవాళ్ళు, మిగిలిన అందరూ "సాధారణ జనాభా". జీవన విధానం చూస్తే మొదటి మూడింటిలోకి రారు అనిపించినవాళ్ళు నాలుగో దాంట్లోకి వస్తారట. జీవన విధానాన్ని ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు?

మా తెలుగువాళ్ళు ఆ లెక్కలో హిందూ వర్గం. తమిళులూ అంతే. ఉగాదికి మా గుళ్ళో తెలుగులోనే పూజ, పంచాంగం. నామినేషన్ పత్రంలో మాత్రం తెలుగు అన్న మాటకు చోటు లేదు. వర్గం రాయకపోతే నామినేషన్ తిరస్కరించేవారు. అలా తిరస్కరించినవాళ్ళు ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీకి వెళ్ళారు. 2012లో కమిటీ వాళ్ళకు అనుకూలంగా చెప్పింది. వర్గాల జనాభా చివరగా లెక్కపెట్టింది 1972లో. ఇన్నేళ్ళ తర్వాత ఆ పాత లెక్క పట్టుకుని సీట్లు పంచడం ఏం న్యాయం అని కమిటీ అడిగింది.

అలాగని ఆ పద్ధతి తీసేస్తే చిన్న వర్గాలవాళ్ళకు భయం. మా ముస్లిం మిత్రులు "ఇదొక్కటే మాకు భరోసా" అంటారు. వాళ్ళ మాటను నేను కొట్టిపారేయలేను.

---

రాజమండ్రి_మాస్టారు

రోజ్‌హిల్ బాబూ, కోరింగ పేరు వినగానే ప్రాణం లేచొచ్చింది. మీరు తెలుగు ఇంత బాగా రాస్తుంటే చాలా సంతోషం.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. మనిషిని ఏ జాతివాడివని అడగకూడదు అంటారు. అడగకుండా ఆ జాతికి సీటు ఎలా ఇస్తారు? కీల్ అబ్బాయి చెప్పినట్టు "చెప్పుకున్నదే నిజం" అంటే రేపు ఎవరైనా వచ్చి నేనూ రోమానే అంటాడు.

---

బుడాపెస్ట్_బీటెక్

మాస్టారూ, ఇక్కడ అలా జరిగింది కూడా. యాస్లదాన్ అనే ఊళ్ళో 2002లో రోమాల స్వయంపాలన సంస్థకు ఎన్నికలు జరిగాయి. అప్పట్లో ఊళ్ళో ఎవరైనా ఓటు వేయొచ్చు, ఎవరైనా పోటీ చేయొచ్చు. మేయర్ భార్య రోమా కాదు, ఆమె ఆ సంస్థకు ఎన్నికైంది. రోమా పిల్లలను వేరు చేసే ప్రైవేటు బడి గురించి అప్పుడు ఊళ్ళో పెద్ద గొడవ నడుస్తోంది. ఆ గొడవలో రోమాల తరఫున మాట్లాడాల్సిన సంస్థ అది! ఇలాంటివి చూశాకే 2005లో చట్టం మార్చి ఓటర్లు ముందుగా నమోదు చేసుకోవాలన్నారు.

---

పాడేరు_మన్యం

దొంగ సర్టిఫికెట్‌తో మా ఉద్యోగాలు, సీట్లు పోవడం మేం కళ్ళారా చూసినవాళ్ళం. కాబట్టి నమోదు వద్దు అని నేను అనలేను. కీల్ అన్న చెప్పిన పద్ధతి అక్కడ పనికొచ్చిందంటే, డేనిష్‌వాడినని అబద్ధం చెప్పినా వచ్చే లాభం పెద్దగా లేదు కాబట్టి. లాభం ఉన్నచోట తలుపుకు గొళ్ళెం ఉండాలి.

---

కీల్_నుంచి

పాడేరు తమ్ముడి మాట నిజం. నేను అలా ఆలోచించలేదు.

అయితే నమోదుకు ఇంకో వైపు కూడా ఉంది. ఈ దేశంలో రోమా, సింటీ జాబితాలు ఒకప్పుడు ఎందుకు తయారు చేశారో అందరికీ తెలుసు. హిట్లర్ కాలంలో ఆ జాబితాలు పట్టుకునే మనుషులను క్యాంపులకు పంపారు. ఆ కుటుంబాల్లో పుట్టినవాళ్ళను "మీ జాతి పేరు ప్రభుత్వం దగ్గర రాయించుకోండి" అని అడిగేటప్పుడు ఆ భయాన్ని గౌరవించాలి.

---

హొసూరు_తెలుగోడు

మీరంతా పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నేను చిన్నది అడుగుతా. భాష సంగతేంటి?

మాది కృష్ణగిరి జిల్లా. మా తాతకు చదవడం వస్తే తెలుగే వచ్చు, తమిళం మాట్లాడతాడు కానీ అక్షరం రాదు. ఓటింగ్ మిషన్ మీద పేర్లు ఆయనకు గీతల్లా కనపడతాయి. గుర్తు చూసి నొక్కుతాడు. మన దేశంలో ఎన్నికల గుర్తు పెట్టినవాళ్ళకు దండం పెట్టాలి. చదువు రానివాళ్ళ కోసం పెట్టింది, భాష వేరైనవాళ్ళకూ దారి చూపింది. ప్రచారానికి వచ్చేవాళ్ళు కూడా మా వీధిలోకి వస్తే తెలుగులోనే మాట్లాడతారు, పై వీధిలో కన్నడం, బజార్లో తమిళం. ఎవరూ తప్పనరు.

---

కావేరి_లా

హొసూరు అన్నా, ఇది చిన్నది కాదు. బల్గేరియాలో ఎన్నికల ప్రచారం బల్గేరియన్ భాషలోనే చేయాలని చట్టం ఉంది. అక్కడ టర్కిష్ మాట్లాడేవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. లుత్వి మెస్తాన్ అనే నాయకుడు ప్రచార సభలో టర్కిష్‌లో మాట్లాడితే జరిమానా వేశారు. ఆయన భావ ప్రకటన స్వేచ్ఛకు భంగం కలిగిందని 2023 మేలో స్ట్రాస్‌బర్గ్ కోర్టు చెప్పింది. మీ వీధిలో రోజూ జరిగే పనికి ఆయన పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు.

లాత్వియాలో ఇంకో రకం. అభ్యర్థికి లాత్వియన్ భాష బాగా వచ్చి తీరాలి అనేవారు. రష్యన్ మాట్లాడే ఒక అభ్యర్థికి సర్టిఫికెట్ ఉన్నా, అధికారి వచ్చి మళ్ళీ పరీక్ష పెట్టి పేరు తీసేశారు. 2002లో కోర్టు తప్పుపట్టింది. అదే ఏడాది ఆ షరతు ఎత్తేశారు.

1999లో యూరప్ భద్రతా సహకార సంస్థవాళ్ళు లుండ్ సిఫారసులు అని ఇచ్చారు, 2001లో వార్సా మార్గదర్శకాలు వచ్చాయి. రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. వాటిలో సీట్లు, 5 శాతం నిబంధనలు, సరిహద్దు గీతలు, భాష అన్నీ ఉన్నాయి. నేను సీట్ల పేజీ దగ్గరే ఆగిపోయాను. తాత గారు మిషన్ ముందు నిలబడ్డ మాట చదివాక మిగతా పేజీలు తిప్పాను.

---

నిజాంపేట_99

ఒక ప్రశ్న. బోస్నియాలో రోమాలకు, యూదులకు మాత్రమేనా ఈ ఇబ్బంది? నేను ఏ జాతీ కాదు, ఆ దేశ పౌరుణ్ణి అంతే అనేవాళ్ళ సంగతేంటి? నా మొదటి పోస్టులో నేను అడగాలనుకున్నది నిజానికి ఇదే.

---

కావేరి_లా

మంచి ప్రశ్న, దానికి జవాబు ఉంది. అజ్రా జోర్నిచ్ అనే ఆమె నేను బోస్నియా పౌరురాలిని, అంతకు మించి ఏ జాతి పేరూ చెప్పను అంది. ఆమెకూ పోటీ చేసే హక్కు లేదు. 2014లో ఆమె గెలిచింది.

మరో ఇద్దరు మూడు పెద్ద జాతుల్లో పుట్టినవాళ్ళే. ఇలియాజ్ పిలావ్ బోస్నియాక్, కానీ ఉండేది స్రెబ్రెనిత్సాలో. అది రిపబ్లికా సర్ప్‌స్కా అనే దేశంలోని మరో భాగంలో ఉంది. అక్కడి నుంచి సెర్బ్ సభ్యుణ్ణే ఎన్నుకుంటారు కాబట్టి ఆయన పోటీ చేయలేడు. 2016లో తీర్పు వచ్చింది. స్వెతోజార్ పుదారిచ్ సెర్బ్, ఉండేది ఫెడరేషన్‌లో. ఆయనకూ అదే గతి, 2020లో తీర్పు వచ్చింది. జాతి, నివసించే చోటు రెండూ కలిస్తేనే హక్కు. యుద్ధంలో తరిమేస్తే ఇల్లు వదిలి వెళ్ళి, ధైర్యం చేసి మళ్ళీ అదే ఊరికి తిరిగొచ్చినవాళ్ళకు చట్టం వేసే శిక్ష ఇది. ఈ మాట రాస్తుంటే నాకు కోపం ఆగదు.

అందుకే మీరన్న "ఒక మనిషి, ఒక ఓటు" నా థీసిస్‌లో ఉంటుంది. కాకపోతే మైనారిటీల సీట్లకు వ్యతిరేకంగా కాదు, వాటి పక్కనే.

---

రోజ్‌హిల్

కావేరి గారూ, ఇన్ని తీర్పులు వచ్చాయి కదా, బోస్నియాలో ఏం మారింది?

---

రాజమండ్రి_మాస్టారు

నేనూ అదే అడగబోయాను. తీర్పు ఒకటి, అమలు ఒకటి. నీ అంచనాలో చట్టం పక్కన అమలుకూ ఒక అధ్యాయం ఉండాలి. రాశాక ముసాయిదా నాకు పంపు, కళ్ళజోడు మార్పించుకున్నాను, చదువుతాను.

---

కావేరి_లా

రోజ్‌హిల్ గారూ, మొదటి తీర్పు 2009లో. ఆ తర్వాత 2010, 2014, 2018, 2022లో నాలుగు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. నాలుగూ పాత నిబంధనలతోనే. రాజ్యాంగం మార్చాలంటే ఏ మూడు జాతుల పార్టీలకు ఆ సీట్లు ఉన్నాయో వాళ్ళే పార్లమెంటులో ఒప్పుకోవాలి. మైనారిటీలు ఆ సభ బయటే నిలబడి చూస్తున్నారు.

సీట్ల టేబుల్ తీసేశాను. సీటు ఎవరి ఓటుతో నిండుతుంది, మైనారిటీగా నిలబడినందుకు మనిషి దగ్గర చట్టం ఏం లాక్కుంటుంది, నువ్వు ఎవరివి అని అడిగే అధికారం ఎవరిది. ఈ మూడింటి చుట్టూ మళ్ళీ రాస్తున్నాను. పాడేరు గారి గీత, హొసూరు తాత గారి మిషన్ మొదటి ప్రశ్నలోనే కలిసిపోయాయి. పోలండ్ గురించి ఇంకా తేలలేదు, దాన్ని ప్రశ్నగానే ఉంచుతాను.

మాస్టారూ, ముసాయిదా శనివారానికి పంపుతాను. మొదటి అధ్యాయం సెజ్దిచ్ నామినేషన్ పత్రంతో మొదలవుతుంది. అది ఈ రోజుకీ చెల్లదు.